అర్జీ గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ అర్జీ గారి దివ్య సముఖమునకు,

ఒడిశా రాష్ట్రం గజపతి జిల్లా పర్లాకిమిడి వాస్తవ్యుడు చేసుకొను విన్నపములు.

తమరు క్షేమమని తలుస్తాను. కడసారి చూసినప్పుడు ఒక గుమాస్తా బల్ల మీద, టీ గ్లాసు కింద తడుస్తూ ఉన్నారు. పలకరిద్దామనుకుంటే సోమవారం రమ్మన్నారు.

నా గొడవ చిన్నది. మా ఇంటి స్థలం పట్టాలో మా నాన్నగారి పేరులో మొదటి వకారం భకారమైంది. మన వకారాన్ని ఒడియాలో అలా రాయడం వాడుకే, ఎవరినీ తప్పుపట్టను. కానీ బ్యాంకు పుస్తకంలో వకారమే ఉంది. కాగితాల లెక్కన నాకిప్పుడు ఇద్దరు తండ్రులు. ఆ లెక్కను ఒకటికి తగ్గించమని మిమ్మల్ని ఆశ్రయించి నాలుగేళ్లయింది.

ముందు మీ పేర్లే నన్ను తికమక పెట్టాయి. అరబీ నుంచి అర్జీ, పారసీ నుంచి దరఖాస్తు, సంస్కృతం నుంచి విజ్ఞాపన తెచ్చుకున్నవాళ్లం కదా! విజ్ఞాపన తెచ్చానని చెబితే గుమాస్తా "ఏ కంపెనీది?" అన్నాడు. ఒడియాలో ఆ మాటకు వ్యాపార ప్రకటన అని అర్థమట. 'అభియోగ' విభాగంలో కూర్చోమన్నారు. అభియోగం మోపేంత నేరం ఏం చేశానా అని గుండె ఝల్లుమంది. అక్కడ అభియోగమంటే ఉత్త ఫిర్యాదే. చివరికి ఒక ఫారం చేతికిచ్చారు. దాని నెత్తిన 'ఆవేదన పత్రం' అని ఉంది. ఒడియాలో దరఖాస్తును అలాగే అంటారు. ఈ నాలుగేళ్లలో నాకు వివరణ అక్కర్లేకుండా అర్థమైన ప్రభుత్వ మాట అదొక్కటే.

రాజ్యాంగం 350వ అధికరణం చదివి ఒకసారి పొంగిపోయాను. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మిమ్మల్ని రాష్ట్ర అధికారికి సమర్పించే హక్కు నాకుందట. వెంటనే తెలుగులో రాయించాను. మరోసారి చదివితే, జవాబు ఏ భాషలో ఇవ్వాలో అందులో లేదు. అసలు ఇవ్వాలని కూడా లేదు. ముందుచూపు గల పెద్దలు!

తెలుగులోనైనా మీ పద్ధతి మారిందా? గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే భాషలో రాయాలని పట్టుబట్టారు. పత్రికలు విన్నాయి, మీరు వినలేదు. మెట్ల దగ్గర కూర్చునే రాతగాడు నేను చెప్పిన 'కోరుతున్నాను' కొట్టేసి 'వేడుకొనుచున్నాను' అని దిద్దాడు.

"కోరితే హక్కులా వినిపిస్తుంది బాబూ, ఫైలు కదలదు."

వేడుకున్నా కదల్లేదు. అతని రుసుము మాత్రం అతనికి ముట్టింది. అన్నట్టు, మనం అర్జీ పెట్టం, పెట్టుకుంటాం. మొర కూడా పెట్టుకునేదే. ఎదుటివాడికి ఇందులో పనేమీ లేదని ఆ మాట ముందే చెప్పింది, నేను వినిపించుకోలేదు.

ఇక మీ ప్రయాణం. పై అధికారి ఆకుపచ్చ సిరాతో 'తగు చర్య నిమిత్తం' అని రాసి కిందికి పంపారు. కింది ఆయన ఇంకా కిందికి. నీరు పల్లమెరుగు అన్నట్టు దిగి దిగి, మొదట భకారం రాసిన బల్ల దగ్గరికే చేరారు. ఆయన క్షుణ్ణంగా విచారణ జరిపి, తాను రాసింది సరిగ్గానే ఉందని తేల్చాడు.

మీకు శక్తి లేదని ఎలా అనను? 1931లో ఒడిశా హద్దులు తేల్చడానికి ఓడొనెల్ సంఘం వేసినప్పుడు, ఈ ప్రాంతం మాదంటే మాదని ఒడియా పెద్దలూ తెలుగు పెద్దలూ మిమ్మల్నే పట్టుకుని పరుగెత్తారు. 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి ఊరికి ఊరే జరిగింది. రాజప్రాసాదంతో సహా పట్నాన్ని జరిపిన చోట తమరికి ఒక్క అక్షరం బరువైందా?

కావున తమరు ఈసారికి టీ గ్లాసు కింది నుంచి లేచి, భకారాన్ని వకారం చేయించవలసిందిగా కోరుతున్నాను. కాదు, వేడుకొనుచున్నాను.

జతపరచినవి: పట్టా నకలు, బ్యాంకు పుస్తకం నకలు, పాత అర్జీల రసీదులు 11.

చిత్తగించవలెను,
వకారం గారి అబ్బాయి
(పట్టా ప్రకారం భకారం గారి అబ్బాయి)