పిప్పెట్‌లో గడ్డకట్టిన పరువు

నిన్నటి మంట ఇంకా తగ్గలేదు, అందుకే రాసేస్తున్నా. ప్రాక్టికల్స్‌లో నాకు పొటాషియం నైట్రేట్ పడింది, అదే సురేకారం. ఏ టెంపరేచర్ దగ్గర ఎంత కరుగుతుందో చూసి, కేఎస్‌పీ, అంటే సాల్యుబిలిటీ ప్రాడక్ట్, కట్టి గ్రాఫ్ గీయాలి (అరకొరగా కరిగే ఉప్పులకి వాడే లెక్క అది, ఇంత బాగా కరిగే ఉప్పుకి కేఎస్‌పీ ఏంటో, అడిగితే మార్కులు పోతాయి). నీళ్లలో వేసి కలిపితే ఫ్లాస్క్ చల్లగా అయిపోయింది, కరగడానికి వేడి లాక్కునే రకం కదా. వాటర్ బాత్‌లో 60 డిగ్రీలకి తెచ్చా, అడుగున కాసిని పలుకులు మిగిలాయి, అంటే సాచురేట్ అయినట్టే, ఇక కరగదు.

మాన్యువల్లో తర్వాతి లైను: "పిప్పెట్‌తో 10 మి.లీ. తేట ద్రావణమును గ్రహింపుము." అంతే! ఆ పిప్పెట్‌ని, అంటే ద్రవాన్ని కొలిచి పీల్చే గాజు గొట్టాన్ని, ముందు కాస్త వేడి చేసుకోమని ఇంకో ముక్క రాస్తే ఆ మహానుభావుడి ఇంకు అయిపోయేదా?

గ్రహించా. గీత దాకా ముచ్చటగా ఎక్కింది. నాలుగడుగులు వేసి చైనా డిష్ (పింగాణీ గిన్నె) మీద పెట్టి వదిలితే ఒక్క చుక్క పడదే! చూద్దును కదా, మొనలో తెల్లటి సూదులు, చూస్తుండగానే ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి పైకి పాకుతున్నాయి. 60 దగ్గర 100 గ్రాముల నీళ్లలో సుమారు 110 గ్రాములు కరిగే ఈ మహాతల్లి, 20కి వచ్చేసరికి 32 దగ్గరే ఆగిపోతుంది, మరి మిగతా 78 ఎక్కడికి పోవాలి, చల్లటి గాజు గొట్టం పట్టుకుని నాలాంటోడు దొరికాక? పక్క టేబుల్ వాడికి మామూలు ఉప్పు పడింది. అది 20 దగ్గర 36, మరిగే నీళ్లలో అయినా 39, అసలు చలించదు, వాడు ఈల వేసుకుంటూ రీడింగులు రాసుకుంటున్నాడు. కాల్షియం హైడ్రాక్సైడ్ పడినా బతికిపోయేవాణ్ణి, అది చల్లబడితేనే ఎక్కువ కరుగుతుంది.

కంగారులో పిప్పెట్ పైనున్న రబ్బరు బల్బుని గట్టిగా నొక్కా. టప్పుమని ఊడి, ఎగిరి, దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా సార్ బూటు దగ్గర ఆగింది. ల్యాబంతా నిశ్శబ్దం. ఆయన బల్బుని చూశారు, నన్ను చూశారు, వేలితో పైన మూసి గాల్లో జెండాలా పట్టుకున్న పిప్పెట్‌ని చూశారు. "లీ షాటెలియే సూత్రం చదివావా?" అన్నారు. వేడి లాక్కుని కరిగేదాన్ని చల్లబరిస్తే తిరిగి గడ్డకడుతుందని చెప్పేది అదే. పొద్దున వైవాలో 1884 అని సంవత్సరంతో సహా అప్పజెప్పింది నేనే సార్, మీకే! పైకి మాత్రం "చదివాను సార్" అన్నా.

ఆ చదివిన బుర్రతోనే పిప్పెట్‌ని తీసుకెళ్లి చన్నీళ్ల కుళాయి కింద పెట్టా. మొనలో ఉన్నది నడుం దాకా పాకింది.

చివరికి అటెండరన్న వచ్చి, ఏ సూత్రమూ చెప్పకుండా, దాన్ని పట్టుకెళ్లి వాటర్ బాత్‌లో ముంచాడు, అర నిమిషంలో కారిపోయింది. ఎంత డిష్‌లో పడిందో, ఎంత బయట పడిందో దేవుడికెరుక. గ్రాఫ్‌లో మిగతా చుక్కలన్నీ బుద్ధిగా గీత మీదున్నాయి, 60ది మాత్రం కింద కూలబడింది. సార్ దాని చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి "రిపీట్" అని రాశారు.

గురువారం. మళ్లీ అదే పిప్పెట్.