రెండు వైర్లే కదా అని తీసిపారేయకండి

విశాఖలో గాజువాక ఆటోనగర్ నుంచి పరవాడ ఫార్మా సిటీ దాకా నేను చూసిన ప్లాంట్లలో ఒకటే తంతు. యంత్రాల్ని నడిపించే కంట్రోలర్, అదే పీఎల్‌సీ, ఏ కంపెనీది కొనాలో వారాల తరబడి మీటింగులు పెడతారు. ప్లాంట్ పనితీరు చూపించే స్కాడా స్క్రీన్ మీద పంపు బొమ్మ ఏ రంగులో ఉండాలో కూడా చర్చ జరుగుతుంది. మీటర్లనీ, మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్‌లనీ పీఎల్‌సీకి కలిపే కమ్యూనికేషన్ కేబుల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏముంది సార్, రెండు వైర్లేగా, మనవాడు లాగేస్తాడు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

పరవాడ వైపు ఒక పంప్‌హౌస్‌లో పెద్ద మోటార్ స్టార్టయినప్పుడల్లా ఎనర్జీ మీటర్ల రీడింగులు ఆగిపోయేవి. మోటార్ ఆపితే మళ్ళీ వచ్చేవి. మీటర్ మార్చారు. ప్రోగ్రామ్ రాసిన కుర్రాణ్ణి నానా మాటలూ అన్నారు. కేబుల్ ట్రే మూత తీసి చూస్తే ఏముంది? వీఎఫ్‌డీ అనే డ్రైవ్ నుంచి మోటారుకి వెళ్ళే పవర్ కేబుల్‌ని ఆనుకునే, మెలిక లేని మామూలు ఫ్లెక్సిబుల్ వైరు పడి ఉంది. వైర్ల చుట్టూ ఉండాల్సిన లోహపు తొడుగు, అదే షీల్డ్, దాని ఊసే లేదు.

ఇలాంటి కేబుల్ మీద డేటా పంపే పద్ధతి పేరు ఆర్ఎస్-485. అందులో రెండు వైర్ల మీదా సిగ్నల్ ఒకదానికొకటి వ్యతిరేకంగా వెళ్తుంది. అవతలి పరికరం ఆ రెండింటి తేడానే చూస్తుంది. వైర్లు మెలితిరిగి ఉంటే బయటి నుంచి వచ్చే విద్యుత్ అలజడి, అంటే నాయిస్, రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది, తేడాలో కొట్టుకుపోతుంది. మెలిక లేకపోతే ఆ లాభమే పోయింది. పవర్ కేబుల్‌కి దూరంగా తీసుకెళ్ళాలి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, ట్రే వేసే రోజే ఆలోచించాలి, అంతే.

ఇక ఒక జంక్షన్ బాక్స్ నుంచి నాలుగు దిక్కులకీ కొమ్మలు లాగడం ఇంకో జాడ్యం. లైను ఒక పరికరం నుంచి ఇంకోదానికి వరసగా వెళ్ళాలి. లేకపోతే గోడకి తగిలి తిరిగొచ్చే కేకలా సిగ్నల్ వెనక్కొచ్చి అసలు డేటాని పాడుచేస్తుంది. 120 ఓమ్‌ల రెసిస్టర్ లైను రెండు చివర్లలోనే ఉండాలి. పరికరాల పవర్ ఆపి, రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు చూపించాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు. 40 వస్తే ఎవరో మధ్యలో మూడోది ఆన్ చేశారు. రెండు నిమిషాల పని, కానీ అంతా పరీక్షించి మొదలుపెట్టే కమీషనింగ్ రోజు చేసేవాళ్ళు బహు తక్కువ.

షీల్డ్ సంగతీ అంతే. మామూలుగా ప్యానెల్ వైపే ఎర్త్ చేయాలి. రెండు చివర్లా కలిపితే రెండు ఎర్తింగ్‌ల మధ్య వోల్టేజ్ తేడాకి షీల్డ్ గుండానే కరెంట్ పారుతుంది. పరికరాలన్నిటికీ ఒకే ఆధారంగా ఉండే కామన్ కోసం మూడో వైరు కూడా లాగండి. "రెండు వైర్లే" అన్నవాళ్ళు ముందుగా ఎగ్గొట్టేది దాన్నే.

పైగా మనది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. కేబుల్ దూరే చోట ఉండే గ్లాండ్ సరిగ్గా బిగించని బాక్సులోకి ఉప్పుగాలి దూరితే రాగి తీగలు పచ్చబడిపోతాయి. వైరు కొనకి తొడిగే ఫెర్రూల్ కూడా లేకుండా టెర్మినల్‌లో దూర్చేసిన వైరు అయితే ఇంకా త్వరగా లూజవుతుంది. అప్పుడు ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు. అలాంటి ఫాల్ట్ వెతకడం ఎంత నరకమో రాత్రి షిఫ్ట్ చేసినవాళ్ళని అడగండి.

ఈ లైన్ల మీద పరికరాలు మాట్లాడుకునే భాష మోడ్‌బస్ వచ్చింది 1979లో, ఆర్ఎస్-485 1983లో. ఇన్నేళ్ళ పాత విషయాన్ని కూడా మన ట్రైనింగ్ సెంటర్లు నేర్పవు. పీఎల్‌సీ ప్రోగ్రామ్ రాసే ల్యాడర్ లాజిక్ చేయిస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. పిల్లలు సైటుకొచ్చి బాడ్ రేటు (డేటా వేగం), ప్యారిటీ (తప్పులు పట్టే బిట్) పరికరాలన్నిట్లో ఒకేలా ఉండాలనీ, రెండిటికి ఒకే అడ్రస్ ఇవ్వకూడదనీ అక్కడ తిట్లు తిని తెలుసుకుంటున్నారు. తప్పు వాళ్ళది కాదు.

ప్లాంట్ మేనేజర్లకి ఒక్కటే అడుగుతున్నా. టెండర్‌లో కేబుల్ రకం, రూటు, ఎర్తింగ్ విడిగా రాయించండి. ఏ పరికరానికి ఏ అడ్రస్, ఏ చివర రెసిస్టర్, మల్టీమీటర్‌లో ఎంత వచ్చింది అన్న వివరాలతో ఒక్క పేజీ ప్యానెల్ తలుపు లోపల అంటించమనండి. ఆ పేజీ చూడకుండా కాంట్రాక్టర్ బిల్లు మీద సంతకం పెట్టకండి.