ఆరు సిలిండర్ల ముగ్గు

మా ఊళ్ళో మట్టి తవ్వే పెద్ద బండి ఏదైనా ప్రొక్లెయినే. అది ఫ్రాన్సులో ఒక కంపెనీ పేరనీ, మా బండి ఆ కంపెనీది కాదనీ చెబితే వినేవాళ్ళు లేరు కాబట్టి నేనూ ప్రొక్లెయిన్ అనే అంటాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ బండి, సరిగ్గా ధనుర్మాసంలో, కైకలూరు దగ్గర చేపల చెరువు గట్టు మీద తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది.

తప్పు నాదే. కూలెంట్ డబ్బులు మిగులుతాయని రేడియేటర్లో చెరువు నీళ్ళు పోయించాను. "అన్నా, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది" అని ఆపరేటరు ఫోన్ చేస్తే, "ఇంకో గంటలో గట్టు అయిపోతుంది కదా, కానివ్వు" అన్నాను. గట్టు కాలేదు గానీ ఇంజన్ అయిపోయింది.

మేస్త్రీ వచ్చి ఆయిల్ గేజి పుల్ల లాగి నా ముక్కు ముందు పెట్టాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలెక్కువైన టీ రంగులో నురగ కట్టి ఉంది.

"పంచదార ఒక్కటే తక్కువండి" అన్నాడు. "హెడ్ గ్యాస్కెట్ పోయింది."

ఇంజన్ బ్లాకుకీ, దాని మీద కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే పల్చటి రేకులాంటిది ఈ గ్యాస్కెట్. సిలిండర్లలో మంట, పక్కనే నీళ్ళ దారి, ఆ పక్కన ఆయిల్ దారి. ముగ్గురు తోడికోడళ్ళకీ మధ్య గోడ అన్నమాట. వేడికి హెడ్డు వెంట్రుకవాసి వంగితే చాలు, గోడ పడిపోయి నీళ్ళు వెళ్ళి ఆయిల్లో కాపురం పెడతాయి.

విప్పడానికే రెండు రోజులు పట్టింది. నాజిళ్ళు, డీజిల్ పైపులు, రాకర్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. 12 పుష్ రాడ్లు ఎక్కడివక్కడికే పోవాలని అట్టపెట్టెకు కన్నాలు పొడిచి, నంబర్లేసి గుచ్చారు. 26 బోల్టులు చివర్ల నుంచి మధ్యకు వదులు చేసుకుంటూ వచ్చి, సరుగుడు బాదులతో ముక్కాలి కట్టి, చైన్ పుల్లీతో హెడ్డు పైకి లేపారు. ఇలా పైకి లేపడాన్ని మెకానిక్కులు 'హెడ్డు దించడం' అంటారు. ఎందుకని అడిగితే మేస్త్రీ నన్ను జాలిగా చూశాడు.

హెడ్డు వ్యాన్‌లో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాం. లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, అంటే వంగిన అడుగుభాగాన్ని చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ కొనుక్కుని రాత్రి పదింటికి ఇల్లు చేరాం. "బాబుగారూ, హెడ్డు సంగతి నేను చూసుకుంటాను, ఈ గ్యాస్కెట్ మాత్రం వంగకూడదు, గీత పడకూడదు. ఇంట్లో పెట్టుకోండి" అని మేస్త్రీ మరీ మరీ చెప్పాడు. నేను దాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు హాల్లో బీరువా పక్కన గోడకి ఆనించి పడుకున్నాను. పండక్కి మా అత్తగారు వచ్చి ఉన్నారన్న సంగతి ఆ టెన్షన్‌లో నాకు తట్టలేదు.

పొద్దున్నే తలుపు తీసేసరికి మా వాకిట్లో అంతకు ముందెన్నడూ చూడని ముగ్గు. వరసగా ఆరు గుండ్రాలు, కంపాస్ పెట్టి గీసినట్టు. ఒక్కో గుండ్రం చుట్టూ చిన్నాపెద్దా చుక్కలు. ఒకటి విడిచి ఒకటి పసుపూ ఎరుపూ. ఆరింటి నడిమధ్యన ఆరు గొబ్బెమ్మలు, నెత్తిన గుమ్మడిపూలు. ఎదురింటివాళ్ళు అప్పటికే ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నారు.

ఆ చుక్కల వరస నాకెక్కడో చూసినట్టనిపించింది. బీరువా దగ్గరికి పరిగెత్తాను. గోడ ఉంది, గ్యాస్కెట్ లేదు.

"ముగ్గు అచ్చు ఎంత బాగుందో అల్లుడుగారూ! నా కోసమే తెచ్చారటగా, అమ్మాయి చెప్పింది" అన్నారు అత్తగారు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. "బజార్లో అమ్మేవి పిడికెడు ముగ్గు పోస్తే అణిగిపోతాయి. ఇది గట్టిది. మెట్టు అడ్డమొచ్చిందని ఓ కొసన కాస్త వంచానంతే."

అంతే!

మేస్త్రీ వచ్చి గొబ్బెమ్మల ముందు గొంతుక్కూర్చున్నాడు. సిలిండర్ కన్నం చుట్టూ ఉండే స్టీలు రింగు మీద గోరు పెట్టి మెల్లగా తిప్పుకుంటూ వచ్చాడు. ఆరో సిలిండర్ దగ్గర గోరు ఆగింది. అక్కడ మడత. నల్లటి పూతలో నిండా ముగ్గుపిండి.

"ఇంజన్‌కి పనికిరాదండి" అన్నాడు. తర్వాత ముగ్గుకేసి, అచ్చుకేసి మార్చి మార్చి చూసి, "అమ్మగారూ, ఏ వైపు పైకి పెట్టి వేశారు?" అనడిగాడు.

"టాప్ అని రాసుందిగా నాయనా, అటే పైకి పెట్టాను."

మేస్త్రీ తన హెల్పరు వైపు తిరిగి ఒక చూపు చూశాడు. పోయిన ఏడు వాడు ఒక గ్యాస్కెట్ తిరగేసి బిగించాడట. పది నిమిషాలు నడిచిందట బండి.

మళ్ళీ ఆటోనగర్. కిందటి రోజే గ్యాస్కెట్ కొన్నవాడు మళ్ళీ అదే ఎందుకు కొంటున్నాడో కౌంటర్లో అబ్బాయికి అర్థం కాలేదు. నేను చెప్పలేదు. ఆ రాత్రి గ్యాస్కెట్ నా మంచం పక్కనే పడుకుంది.

బిగింపు సాఫీగానే సాగింది. ఈసారి మధ్య నుంచి చివర్లకు, టార్క్ రెంచ్‌తో విడతలు విడతలుగా. చివర్న ఒక్కో బోల్టునీ ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. ఎంత తిరిగిందో తెలియడానికి గుర్తు పెట్టాలన్నారు. చెరువు గట్టు మీద పెయింటు ఎక్కడిది? భోజనం క్యారేజీ తెచ్చిన మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గోళ్ళరంగు తీసిచ్చింది. 26 బోల్టులకీ గులాబీరంగు. రాకర్ కవర్ మూసేదాకా ఆపరేటరు ఇంజన్ వైపు చూసి నవ్వుతూనే ఉన్నాడు. హ్యాండ్ పంపు కొట్టి డీజిల్లో గాలి తీశాక, మూడో సెల్ఫుకి బండి అందుకుంది. రేడియేటర్లో ఇప్పుడు కూలెంటే ఉంది.

పాడైన గ్యాస్కెట్ అత్తగారే ఉంచుకున్నారు. కనుమ వెళ్ళేదాకా అది మా వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. మేస్త్రీ తన లెక్క తీసుకోవడానికి వచ్చిన రోజున ఎదురింటావిడ దాన్ని తిరిగిస్తూ, మొహమాటపడుతూ అడిగింది:

"బాగుంది పిన్నీ. కాకపోతే మా వాకిలి చిన్నది, రెండు గుండ్రాలు రోడ్డు మీదకి పోతున్నాయి. నాలుగు గుండ్రాలది దొరుకుతుందేమో మీ అల్లుడుగారిని కనుక్కోరా?"

"దొరుకుతుందండి" అన్నాడు మేస్త్రీ, నాకంటే ముందు. "ట్రాక్టర్‌ది తెస్తాను."