నోరు పూస్తే వేడి కాదు, ముందు మందును అనుమానించండి

కీళ్లవాతానికో సోరియాసిస్‌కో మెథోట్రెక్సేట్ వాడుతున్న మనిషికి నోరు పూస్తే ఇంట్లో మొదట వినిపించే మాట "వేడి చేసింది". మజ్జిగ తాగిస్తారు, బి-కాంప్లెక్స్ గోలీ మింగిస్తారు. ఆ ఆలస్యమే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

ఎందుకో ఎలుక నాలుక చూస్తే అర్థమవుతుంది. ఈ మందు ఎక్కిన ఎలుక నాలుకను మైక్రోస్కోపు కింద పెడితే పైపొర పలచబడి ఉంటుంది. ముళ్లలా నిలబడాల్సిన సన్నటి బొడిపెలు పొట్టివై, మొద్దుబారి, అక్కడక్కడా రాలిపోయి కనిపిస్తాయి. మందు ఆ పొరను కాల్చలేదు, కొత్త కణాలు రాకుండా ఆపింది. అడుగు వరుసలోని కణం రెండు కావాలంటే డీఎన్ఏ తయారవ్వాలి, దానికి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ ఎంజైమును మెథోట్రెక్సేట్ పట్టేస్తుంది. పైన అరుగుదల మామూలే, కింద పుట్టుక బందు. చివరికి పుండు. ఎముక మజ్జలోనూ ఇదే జరుగుతుంది, కానీ అది కంటికి కనపడదు. నాలుక కనపడుతుంది.

ఎలుక మనిషి కాదంటారు. నిజమే. దాని రక్తంలో ఫోలేట్ మనకన్నా ఎక్కువ, పైగా తన పెంటికలు తానే తింటుంది కనుక పేగు బ్యాక్టీరియా చేసిన ఫోలేట్ కూడా దక్కుతుంది. మోతాదు లెక్కలు అక్కడినుంచి తెచ్చుకోలేం. కానీ మందు పట్టుకునే ఎంజైము రెండు చోట్లా అదే.

అసలు ప్రమాదం మోతాదు తప్పడంలో ఉంది. కీళ్లవాతానికి ఈ మందు వారానికి ఒక్కసారే, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల లోపు. దాన్ని రోజూ మింగేస్తే కొద్ది రోజుల్లోనే నోరు పూస్తుంది, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మందు బయటికి పోయేది మూత్రపిండాల గుండా కనుక వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, మూత్రపిండాలు సరిగా పనిచేయక రక్తంలో క్రియాటినిన్ పెరిగినా సరైన మోతాదే విషమవుతుంది. మూత్రంలో మంటకని కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే మరీ ప్రమాదం, అదీ ఫోలేట్ దారికే అడ్డుపడుతుంది. మోతాదు మించాక ఫోలిక్ ఆమ్లం (గోలీ రూపంలోని ఫోలేట్) ఎన్ని మింగినా ఆదుకోవు. దాన్ని మార్చాల్సింది మూతపడిన ఆ ఎంజైమే. విరుగుడు మందైన ల్యూకోవోరిన్‌కు ఆ ఎంజైముతో పని లేదు, అందుకే ఆసుపత్రిలో దాన్ని ఎక్కిస్తారు.

ఈ మందు పుట్టుక వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని చేసింది, దానికి అడ్డుకట్ట వేసే మందులనూ చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్) కొంతకాలం తగ్గిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. అలాంటి మందు భీమవరంలోనే కొన్నా చీటీ మీద తెలుగు ముక్క ఉండదు. ఇంగ్లిష్ పొట్టి అక్షరాలు చదవలేని పెద్దావిడకు "రోజుకొకటా, వారానికొకటా" అన్న తేడా ఎవరు చెప్పాలి? మందుల షాపువాళ్లు కవరు మీద తెలుగులో వారం పేరు రాయడం చట్టపరమైన బాధ్యత కావాలి.

"సోమవారం మాత్రమే" అని రాసి, ఒకసారికి నాలుగు వారాలకు సరిపడా బిళ్లలకు మించి ఇవ్వకూడదు. 2.5, 10 మిల్లీగ్రాముల బిళ్లలు ఒకే ఇంట్లో కలవకూడదు. ఫోలిక్ ఆమ్లం వేరే రోజుకు పెట్టాలి. నోరు పూసిందా, తర్వాతి మోతాదు ఆపి అదే రోజు డాక్టరుకు చెప్పాలి, రక్తకణాల లెక్క, క్రియాటినిన్ చూపించుకోవాలి.