విజన్ 2035 సరే, బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

పూర్వం విద్యార్థి సంఘాలకు దిష్టి తగిలేది. ఇప్పుడు దూరదృష్టి తగులుతోంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో సెప్టెంబరులో గెలిచినవాళ్లు సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి నలభై పేజీల పీడీఎఫ్ తయారు: 'విజన్ 2035'. అట్ట మీద సూర్యోదయం. లోపల పదేళ్ల లక్ష్యాల పట్టిక, ప్రతి లక్ష్యం పక్కనా 'బాధ్యులు' అనే గడి, ఆ గడిలో 'ఆఫీస్ బేరర్లు' అన్న మాట. 2035లో ఆ గడిలో కూర్చోవలసిన అధ్యక్షుడు ప్రస్తుతం ఏ ఊళ్లోనో ఏడో తరగతి చదువుతున్నాడు. తన భుజాన ఇంత బరువుందని పాపం ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ విద్యార్థి సంఘాల ఎన్నికలకి నిబంధనలు రాసిన లింగ్డో కమిటీకి ఒక నమస్కారం పెట్టాలి. సుప్రీంకోర్టు 2006లో అమలు చేయమన్న సిఫార్సుల ప్రకారం ఎన్నికలు ఏటా జరగాలి, తరగతులు మొదలైన 6 నుంచి 8 వారాల మధ్య. నామినేషన్ నుంచి ఫలితం దాకా 10 రోజులు దాటకూడదు. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు, పోస్టర్లు చేత్తో రాసినవే. వీటన్నిటికంటే గొప్పది ఇంకోటుంది: ఆఫీస్ బేరర్ పదవికి ఎవరైనా ఒక్కసారే పోటీ చేయాలి. అంటే పని నేర్చుకున్నవాణ్ణి నిబంధన ప్రకారమే ఇంటికి పంపిస్తాం, నేర్చుకోనివాణ్ణి దండ వేసి తెస్తాం. దీని మీద పదేళ్ల ప్రణాళిక కట్టడమంటే వినాయకుడి పందిరి మీద రెండో అంతస్తు లేపడమే.

ఒక పాలనా సంవత్సరంలో ఎన్ని రోజులున్నాయో లెక్కేద్దాం. సెప్టెంబరు చివర ప్రమాణ స్వీకారం. దసరాకి క్యాంపస్ సగం ఖాళీ. నవంబరులో ఇంటర్నల్స్, ఆ వెంటనే సెమిస్టర్ పరీక్షలు. జనవరిలో సగం పండగ. ఆ తర్వాత ఫెస్ట్. స్పాన్సర్ల కాళ్లు పట్టుకోవడం, స్టేజీ, సౌండు, ఆఖరి నిమిషంలో ఆగిపోయే జనరేటరు. ఫెస్ట్ బిల్లులు సెటిలయ్యేసరికి ఏప్రిల్, మళ్లీ పరీక్షలు. మే నెలలో ఎండ తప్ప ఎవరూ ఉండరు.

ఇక ఛార్జి అప్పగింత. సంఘం గదిలో ఒక ఇనప బీరువా ఉంటుంది, తాళం ఉండదు. పగలగొడితే లోపల ఎండిపోయిన ఫెవికాల్ డబ్బా, మూడు జెండా కర్రలు, ఎవరిదో ఎడమకాలి చెప్పు. మినిట్స్ పుస్తకం ఉంటే అందులో రెండు సమావేశాలు, రెండూ ఫెస్ట్ గురించే. రికార్డులన్నీ మెయిల్లో ఉన్నాయంటారు. మెయిల్ పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. రికవరీ నంబరు మూడు బ్యాచ్‌ల కిందటి జనరల్ సెక్రటరీది. ఆయన ఇప్పుడు డాలస్‌లో. వాట్సాప్ కాల్ వెళ్తుంది.

'అన్నా, ఓటీపీ ఒకటొచ్చింటది, చూడవా.'

'ఏ నంబరు తమ్మీ? ఆ సిమ్ తీసేసి రెండేండ్లాయె.'

వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ ఊరికే ఉంచదు, కొన్ని నెలలు ఆగి ఇంకొకరికి ఇస్తుంది. కాబట్టి విద్యార్థి ఉద్యమ చరిత్ర మొత్తానికీ తాళంచెవి ఇప్పుడు జగిత్యాలలో పచ్చళ్లమ్ముకునే ఒక పెద్దాయన జేబులో ఉంది. ఫోన్ చేసి బతిమాలితే ఆయన ఒక్కటే మాట: 'ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పిన్రు బిడ్డా.' ఈ దేశంలో నియమం పాటించే పౌరుడు ఒక్కడున్నాడంటే వాడు సరిగ్గా మనకి అడ్డంగానే ఉంటాడు. కొత్త కార్యవర్గం కొత్త మెయిల్ తెరుస్తుంది. రికవరీ నంబరు? కొత్త జనరల్ సెక్రటరీదే.

నవ్వుకున్నాం కదా, ఇప్పుడు ఇది వినండి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసవ్వకుండా పీహెచ్‌డీలో చేరినవాళ్లకి సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకి ఇచ్చేది 8,000 రూపాయలు. 2015లో ఆ ఫెలోషిప్పే ఎత్తేస్తామంటే ఢిల్లీలో యూనివర్సిటీలకి నిధులిచ్చే యూజీసీ ఆఫీసు ముందు పిల్లలు రోజుల తరబడి కూర్చున్నారు. ఎత్తేయలేదు, పెంచనూ లేదు. నెట్‌లో మంచి మార్కులొచ్చినవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ మాత్రం 2023 జనవరి నుంచి 31,000 కాస్తా 37,000 అయింది. మెస్ బిల్లు కట్టాక ఆ ఎనిమిది వేలల్లో ఇంటికి ఏం పంపుతాడో ఎవడైనా అడిగాడా? విజన్ 2035లో 'ఇన్నోవేషన్ హబ్' ఉంది, ఈ ఎనిమిది వేలు లేవు! ఏ మెమొరాండం ఏ తేదీన ఇచ్చారో, దాని ఇన్‌వర్డు నంబరెంతో, ఏ సెక్షన్లో ఆగిందో ఒక్క ముక్క లేదు. ఏటా అదే మెమొరాండం మళ్లీ మొదట్నుంచి రాస్తారు, ఏటా 'కమిటీ వేశాం' అనే జవాబు తెచ్చుకుని ఫొటో దిగుతారు. ఇరవై సంఘాల్ని సాగనంపిన సెక్షన్ ఆఫీసరుకి ఈ ఆట మనకంటే బాగా తెలుసు. ఆయన దేన్నీ తిరస్కరించడు. మే నెల దాకా ఆగుతాడు, అంతే.

ఎప్పుడో ఒక తెలివైనవాడు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, వేస్తాడు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు, సొంత పేరు మీద, ఎందుకంటే ఆ హక్కు చట్టం పౌరుడికిచ్చింది, సంఘం లెటర్‌హెడ్డుకి కాదు. జవాబుకి 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు, దానికి 30 నుంచి 45 రోజులు. ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. ఇవన్నీ దాటి పోస్టులో జవాబు హాస్టల్‌కి వచ్చేసరికి మనవాడు గది ఖాళీ చేసి ఊరెళ్లిపోయి ఉంటాడు. పోస్ట్‌మ్యాన్ కవరు మీద 'లెఫ్ట్' అని రాసి పంపినచోటికే తిప్పి పంపుతాడు. అక్కడ దాన్ని పంచ్ చేసి, పేజీ నంబరు వేసి, ఫైల్లో పద్ధతిగా పెడతారు.