సముద్రం సారు ఇంట్లో పన్నెండు లీటర్లు

నల్గొండకు సముద్రం లేదని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. పానగల్లులో ఉదయసముద్రం ఉంది. కందూరు చోడుల నాటి చెరువు, ఇప్పుడు కృష్ణ నీళ్లు వచ్చి చేరుతున్నాయి. కాకపోతే అది తియ్యటి సముద్రం. చెరువు కాస్త పెద్దదైతే చాలు, సముద్రమని పేరు పెట్టేయడం మన దగ్గర పాత అలవాటు. ఉప్పు సముద్రమే కావాలంటే బాపట్ల దాటి సూర్యలంకకు పోవాలి, రెండొందల కిలోమీటర్ల పైమాటే. సముద్రాన్ని ఇంటికి తెచ్చుకోవాలనే రోగానికి మూలం ఈ దూరమే. ఒడ్డున పుట్టినవాడు హాల్లో సముద్రం పెట్టుకోవడం అరుదు. రామగిరిలో రెండో అంతస్తులో ఉండి, ఎండాకాలం ట్యాంకర్ కోసం గేటు దగ్గర నిలబడేవాడికే ఇంట్లో నాలుగడుగుల గాజుపెట్టె, అందులో అలలు, ఆ అలల్లో ఊగే, పువ్వుల్లాంటి పగడపు జీవాలైన పాలిప్‌లు కావాలనిపిస్తుంది.

ఆ గల్లీలో ఒక సైన్సు సారు. అసలు పేరు వేరే ఉంది గానీ, ట్యాంకు దిగిన రోజు నుంచి పాలవాడికి కూడా ఆయన సముద్రం సారే. ఎందుకు పెట్టావంటే "పిల్లలకు సైన్సు తెలుస్తది" అంటాడు. ఇలా పగడపు జీవాలను పెంచే ఉప్పునీళ్ల పెట్టెను రీఫ్ ట్యాంకంటారు, ఈ మాట చెప్పని రీఫ్ ట్యాంకు ఓనరు లేడు. ఇంటావిడ చెప్పే కారణం వేరు: "హైదరాబాద్ల పంటి డాక్టరు దగ్గర కూసున్నప్పుడు చూసిండు. పంటినొప్పి పోయింది, ఇది పట్టుకున్నది."

నీళ్లను అనుమానించడం నల్గొండ వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అని తరాలుగా లెక్క చూసుకున్న జిల్లా. తమాషా ఏమిటంటే అసలు సముద్రపు నీళ్లలోనే 1.3 దాకా ఫ్లోరైడు ఉంటుంది, చేపలకు దానితో పేచీ లేదు. పేచీ అంతా బోరుతో పాటు వచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటుతో. మొదటి రెండూ పచ్చ నాచుకు ఎరువు, మూడోది గాజుకు పట్టే గోధుమరంగు మడ్డికి మేత. అందుకే నీళ్లు ఆర్ఓ దాటి, ఆపైన మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ దాటి, మీటరు మీద టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, సున్నా చూపించాలి. వంటింటి ఆర్ఓ చాలదా అంటే చాలదు. రుచి కోసం అందులో కొంత మామూలు నీళ్లు తిరిగి కలుస్తాయి, మీటరు 50కో 80కో పోయి కూర్చుంటుంది. పైగా ఒక లీటరు మంచి నీళ్లకు మూడు లీటర్లు బయటికి పోతాయి. ట్యాంకు, దాని కింద స్టాండులో ఉండే నీళ్ల పెట్టె కలిపి 250 లీటర్లు పట్టిన రోజు 750 లీటర్ల వృథా నీళ్లు బకెట్లలో, బిందెల్లో, చివరికి కుక్కర్లో కూడా నిలబడ్డాయి. ఆ వారం ఇంట్లో కడగని వస్తువు లేదు.

తర్వాత ఉప్పు. లీటరుకు 35 నుంచి 38 గ్రాములు, అంటే తొమ్మిది కిలోల పైచిలుకు. "గంత ఉప్పుతోని ఏడాది తొక్కు పెట్టొచ్చు గదరా" అని సారు వాళ్లమ్మ నోరు నొక్కుకుంది. కిరాణం ఉప్పు పని చేయదు, అది ఒట్టి సోడియం క్లోరైడు. ట్యాంకుకు పోసే ఉప్పులో క్యాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1300 దగ్గర పడేలా లెక్క కట్టి కలుపుతారు. కలపడంలోనూ ఒక వరస ఉంది. నీళ్లు ముందు, మోటరు వేసి అవి తిరుగుతుంటే ఉప్పు కొంచెం కొంచెంగా. ఉప్పు మీద నీళ్లు కుమ్మరిస్తే క్యాల్షియం, కార్బొనేటు అక్కడికక్కడే కొట్లాడుకుని తెల్లగా పేరుకుంటాయి. చేతిలో మిగిలేది సున్నం కొట్టిన బకెట్.

నీళ్లూ ఉప్పూ అయ్యాక చేపలు వేయొచ్చనుకుంటారు చూసేవాళ్లు. అప్పుడు కావలసింది ఒక రొయ్య. ఒకే ఒక్కటి. చేపల మార్కెట్లో సారు ఆ మాటంటే అమ్మేవాడు తక్కెడ కింద పెట్టి మొహంలోకి చూశాడు. "ఒక్క రొయ్యనా సారూ? ఇంటికి చుట్టాలొచ్చిన్రా?" దాన్ని ఉల్లిగడ్డల జాలీ సంచి ముక్కలో కట్టి ట్యాంకులో వేలాడదీస్తే కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే బ్యాక్టీరియా రాళ్ల మీద పెరిగి నైట్రైటు చేస్తాయి, ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేటు చేస్తాయి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ వచ్చినవాళ్లందరూ లైట్లు వెలుగుతున్న ఖాళీ ట్యాంకును, అందులో వేలాడే రొయ్యను చూసి, సారు భార్య వైపు జాలిగా తిరిగారు.

రాళ్ల దగ్గర మిర్యాలగూడ బావ సాయం చేయబోయాడు. రామేశ్వరం యాత్రకు పోతున్నాడు, వచ్చేటప్పుడు రెండు పగడపు రాళ్లు సంచిలో వేసుకొస్తానన్నాడు. సారు రెండు చేతులూ జోడించాడు. గూళ్లు కట్టే రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్నచోటే. యాత్ర నుంచి పులిగోరు తెచ్చినట్టు లెక్క. అందుకే సారు ట్యాంకులో ఉన్నవి సిమెంటు, గవ్వపొడి కలిపి పోసి, సిమెంటు క్షారం దిగేదాకా నెలన్నర నీళ్లు మారుస్తూ నానబెట్టిన రాళ్లు. వాటి మీద నాలుగు మెత్తటి పుట్టగొడుగు పాలిప్‌లు, అయిదు నత్తలు, హ్యాచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట ఒకటి. సముద్రంలో పట్టిన వాటికంటే హ్యాచరీవే నయం, ఇచ్చిన మేత తింటాయి.

ఈ జంట వచ్చాకే ముసలమ్మ పార్టీ మార్చింది. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. ఆ ఆడది పోతే మొగుడే ఆడదిగా మారతాడు, ఇంకో చిన్నది మొగుడి స్థానంలోకి వస్తుంది. సారు ఇది చెప్పగానే ఆమె స్టూలు ట్యాంకు ముందుకు జరుపుకుని కూర్చుంది. "మంచిగున్నది ఏర్పాటు. గప్పుడన్న తెలుస్తది మొగోనికి." ఆ స్టూలు మళ్లీ వంటింట్లోకి పోలేదు. పక్కింటాయన మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతాడు: "మిరుగు దాకా ఉంటయా సారూ ఇవి?"

ముసలమ్మకూ ట్యాంకుకూ ఇంకో చుట్టరికం సున్నంతో కుదిరింది. రీఫ్ ట్యాంకులో క్యాల్షియం తగ్గకుండా రాత్రిపూట బొట్లు బొట్లుగా వదిలేది సున్నపు తేటే. లీటరు ఆర్ఓ నీళ్లకు గ్రామున్నర పొడి కలిపి, మడ్డి కిందికి దిగాక పైతేట మాత్రమే వాడాలి. రాత్రే ఎందుకంటే లైట్లు ఆరాక నీళ్ల పీహెచ్ పడిపోతుంది, సున్నం దాన్ని లేపుతుంది. ఐప్టేషియా అని ట్యాంకులో మొలిచే పిడుగులాంటి జీవి ఒకటి ఉంది. బొటనవేలంత పువ్వులా ఉంటుంది, పీకితే తెగిన ప్రతి ముక్కా ఒక్కో పువ్వవుతుంది. దానికీ మందు సున్నమే. ముద్దగా కలిపి, మోటర్లు ఆపి, సిరంజితో నోట్లో పెట్టాలి. దీనికి వాడేది శుద్ధమైన పొడి, తమలపాకుకు రాసేది కాదు. అయినా ఆమె తన సున్నం డబ్బీని అప్పట్నుంచి బొడ్లోనే దోపుకుంటోంది.

ఇక ఎండాకాలం. ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, బయట 44. చిల్లర్ ట్యాంకులోని వేడిని లాగి హాల్లోకి వదులుతుంది. అంటే చేపల ఉక్కపోత మనుషులకు బదిలీ. పైన ఫ్యాను పెడితే ఆవిరికి రెండు డిగ్రీలు దిగుతాయి గానీ రోజుకు నాలుగు లీటర్లు ఎగిరిపోతాయి. ఎగిరేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గినచోట ఉప్పు కలపని ఆర్ఓ నీళ్లే పోయాలి. సారు పరీక్ష పేపర్లు దిద్దడానికి పోయిన పది రోజులు ఇంట్లోవాళ్లు పద్ధతిగా ఉప్పునీళ్లే పోశారు, రోజుకు 140 గ్రాముల ఉప్పు అదనంగా. తిరిగొచ్చి చూస్తే లీటరుకు 35 ఉండాల్సింది 40 దాటింది. నత్తలు గాజు ఎక్కి నీళ్లకు పైన వచ్చి కూర్చున్నాయి. దాన్ని నాలుగు రోజుల్లో మెల్లగా దించాడు. అది గండమని అప్పుడు అనుకున్నాడు పాపం.

ఏప్రిల్ చివర ఆదివారం, సాయంత్రం ఏడింటికి గాలిదుమారం లేచింది, కరెంటు పోయింది. మిర్యాలగూడ బావ ఇంట్లోనే ఉన్నాడు. ఇన్వర్టర్ కుయ్‌మని చచ్చింది. రోజూ టీడీఎస్ సున్నా నీళ్లు పట్టే ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్లు లేక ఎండిపోయి ఉంది. చీకట్లో ఎక్కడో సన్నగా నీళ్ల చప్పుడు.

ట్యాంకు 120 సెంటీమీటర్ల పొడుగు, 45 వెడల్పు. కింద స్టాండులో ఉన్న చిన్న పెట్టె నుంచి మోటరు నీళ్లను పైకి తోస్తుంది, పొంగినవి ఇంకో పైపులో కిందికి దిగుతాయి. మోటరు ఆగితే ఆ తోసే పైపే గొట్టం పెట్టి కిరసనాయిలు లాగినట్టు వెనక్కి లాగుతుంది, దాని మూతి నీళ్లలో ఉన్నంతసేపూ. మూతి అయిదు సెంటీమీటర్ల లోతున ఉంది. లెక్క కడితే 27 లీటర్లు. కింది పెట్టెలో ఖాళీ 15 లీటర్లకే. మిగతా పన్నెండు లీటర్లు హాలుకు.

ఇది తెలియక కాదు. పైపుకు నీటిమట్టం దగ్గర ఆరు మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి ధార తెగిపోతుంది. సారు వేశాడు, స్విచ్ ఆపి పరీక్ష కూడా చేసుకున్నాడు. మరి ఇదెట్లా?

"సంప్ నిండింది! సంప్ నిండింది!" అని అరిచాడు.

భార్య బయటినుంచే జవాబిచ్చింది. "కరెంటే లేదు గదయ్యా, సంపు ఎట్ల నిండుతది?" గేటు దగ్గర భూమిలోని నీళ్ల సంపు మూత తీసి, సెల్లు లైటేసి చూస్తోందామె. ట్యాంకు కింది పెట్టెకూ, భూమిలోని తొట్టికీ ఇంగ్లీషోడు ఒకటే పేరు పెట్టిపోయాడు మరి.

బావ సాయానికి లేచి మొదటి అడుగులోనే హాలు ఆ చివరిదాకా జారాడు. ప్యాంటు తడిసి, సారు లుంగీ కట్టుకోవాల్సి వచ్చింది. స్టాండు కింద నేల మీద ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉప్పునీళ్లలో స్నానం చేసింది. బాక్సు ఎప్పుడూ గోడకు ఎత్తులో ఉండాలి, ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కాలి, వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోనే రాలిపోవాలి. సారు వైర్లు వంపు లేకుండా తిన్నగా, అందంగా ఉన్నాయి. గంటకు కరెంటు వచ్చింది. ఎంసీబీ టప్‌మని పడింది. గల్లీ అంతా వెలిగింది, సముద్రం సారు ఇల్లు తప్ప.

చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. వేడెక్కే కొద్దీ నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, అలల మోటరు లేకపోతే కొత్తది కలవదు. ఆ అలల మోటరు తినేది పది వాట్లు, ఇన్వర్టర్‌కు లెక్కలోది కాదు, అది బతికుంటే. ముసలమ్మ స్టూలెక్కింది. రాగి చెంబు అందుకోబోతే సారు గావుకేక పెట్టాడు. రాగి నత్తలకు, పాలిప్‌లకు విషం. ప్లాస్టిక్ మగ్గు ఇచ్చాడు. ముంచి, జానెడు ఎత్తు నుంచి పోయడం, మళ్లీ ముంచడం. 1846లో లండన్‌లో అన్నా థిన్ అనే ఆమె ఇంట్లో పగడాలు పెంచినప్పుడు చేసిందీ ఇదే. తెరిచిన కిటికీ దగ్గర అరగంట, ముప్పావుగంట నీళ్లు అటూ ఇటూ పోయించేది, పనిచేసే పిల్ల చేత. ఇక్కడ పనిచేసే పిల్ల స్థానంలో లుంగీ బావ. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన లీటరు సీసాలు మూత తీయకుండా ట్యాంకులో తేలేశారు. ఐసు నేరుగా వేస్తే కరిగి ఉప్పు పల్చబడుతుంది.

సారు మెయిన్ ఆపి, తడిసిన బాక్సు పీకి బయట పారేశాడు. ఉప్పు పట్టిన బాక్సును ఆరబెట్టి మళ్లీ వాడాలనుకోవడం పిసినారితనం కాదు, ప్రాణాంతకం. మోటరు ప్లగ్గు తుడిచి ఆరేసి, గోడ ప్లగ్గుకే పెట్టాడు. పోయిన పన్నెండు లీటర్లకు బదులు ఈసారి మాత్రం ఉప్పునీళ్లే కలిపి పోశాడు. మోటరు గుడగుడమని అందుకునేసరికి పదకొండు దాటింది.

"పెద్దది తిన్నదాన్క నేను పండ" అంది ముసలమ్మ, మగ్గు వదలకుండా.

బావ లుంగీ బిగించుకుని గాజుకు మొహం ఆనించాడు. చాలాసేపు కదల్లేదు. "బామ్మర్దీ, మూడడుగులదైతే ఎంతైతది?"

సారు వినలేదు. పైపు మీద సెల్లు లైటు వేసి బెజ్జం వెతుకుతున్నాడు. బెజ్జం ఉండాల్సిన చోట, తాపీగా, గోళీకాయంత నత్త ఒకటి దాని మీదే కూర్చుని ఉంది.