డి-బ్లాక్ ఫార్వర్డ్‌లో ఆ 'అన్నీ' సంగతి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ వారం మూడుసార్లు తిరిగిన ఫార్వర్డ్ ఇది: "డి-బ్లాక్ మూలకాలన్నీ పరివర్తన మూలకాలే. అన్నీ గట్టివే. అన్నీ అయస్కాంతానికి అంటుకుంటాయి. అన్నిటి సమ్మేళనాలకూ రంగుంటుంది, కారణం జతలేని డి ఎలక్ట్రాన్లు. మంచి ఉత్ప్రేరకాలు. చాప్టర్ ఇంతే!" డి-బ్లాక్ అంటే ఆవర్తన పట్టిక నడిమి భాగం. పీయూసీ (ఇంటర్) రెండో ఏడాది పిల్లలు దీన్నే బట్టీ పడుతున్నారు. ఆదివారాలు వాళ్లకు కెమిస్ట్రీ చెప్పేది నేనే, ఇక ఊరుకోలేకపోయాను.

మొదటి మాటే తప్పు. పరివర్తన మూలకం అనాలంటే పరమాణువులోనైనా, అది ఏర్పరిచే ధన అయాన్లలోనైనా (ఎలక్ట్రాన్లు వదులుకున్న రూపాల్లోనైనా) డి ఉపకర్పరం, అంటే 10 ఎలక్ట్రాన్లు పట్టే అర, అసంపూర్తిగా ఉండాలి. జింక్‌కు 3డిలో (మూడో కర్పరంలోని డి అరలో) 10 ఎలక్ట్రాన్లూ నిండుగా ఉన్నాయి. అది వదులుకునే రెండూ బయటి అర 4ఎస్‌వి. అయాన్ అయ్యాక కూడా 3డి నిండే ఉంటుంది. అందుకే జింక్ డి-బ్లాక్‌లో ఉన్నా దాన్ని ఈ లెక్కలో వేయరు.

గట్టిదనమా? టంగ్‌స్టన్ కరగాలంటే 3,400 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అదే బ్లాక్‌లోని పాదరసం మన గదిలోనే ద్రవం. పాత థర్మామీటర్ చూసినవాళ్లెవరూ ఆ మాట రాయరు.

అయస్కాంతం సంగతికి రాగి చెంబు చాలు, ఫ్రిజ్ మాగ్నెట్ పెట్టి చూడండి. మామూలు ఉష్ణోగ్రతలో గట్టిగా అంటుకునేవి ఈ బ్లాక్‌లో ఇనుము, కోబాల్ట్, నికెల్. జతలేని ఎలక్ట్రాన్లున్న మిగతావాటికి కొద్దిపాటి ఆకర్షణ ఉన్నా అది చేతికి తెలిసేంత కాదు.

అసలు గొడవ రంగు దగ్గరుంది. జతలేని డి ఎలక్ట్రాన్లుంటే రంగు, లేకపోతే లేదు అన్నది సగం నిజమే. స్కాండియం అయాన్‌లో డి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు, రంగూ లేదు. ఇక్కడిదాకా బాగుంది. మరి పొటాషియం పర్మాంగనేట్? అందులో +7 స్థితిలో (లెక్కప్రకారం 7 ఎలక్ట్రాన్లు వదులుకుని) ఉన్న మాంగనీస్‌కు డి ఎలక్ట్రాన్లు సున్నా, అయినా చిక్కటి ఊదా. అక్కడ కాంతిని పీల్చుకుని ఆక్సిజన్ దగ్గరి ఎలక్ట్రాన్ మాంగనీస్ వైపు దూకుతుంది. దీన్ని ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. తిరగేసి చూస్తే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉంది. నీలి స్ఫటికాలను పరీక్షనాళికలో వేడిచేస్తే నీరంతా పోయి తెల్లపొడి మిగులుతుంది. రాగి అయాన్ అదే, 3డిలో 9 ఎలక్ట్రాన్లూ అవే, జతలేనిది ఒకటి అలాగే ఉంది. చుట్టూ ఉన్న నీటి అణువులు పోయేసరికి డి ఆర్బిటాళ్ల (ఆ అరలో ఎలక్ట్రాన్లుండే చోట్ల) మధ్య శక్తి తేడా తగ్గి, పీల్చుకునే కాంతి మన కంటికి కనపడని పరారుణం వైపు జరిగిపోతుంది. చల్లారాక ఒక్క చుక్క నీళ్లు వేస్తే మళ్లీ నీలం. పోయిన ఆదివారం ఇది చేసి చూపిస్తే, ఫార్వర్డ్ పంపిన పిల్లాడే రెండోసారి చేయమన్నాడు.

ఉత్ప్రేరకాల ముక్క మాత్రం చాలావరకు సరే. అమ్మోనియా తయారీలో ఇనుము, సల్ఫ్యూరిక్ ఆమ్లానికి వనేడియం పెంటాక్సైడ్, వనస్పతికి నికెల్. ఆ లైను చెరపకండి.